మంచం కింద కంద

నౌపడ,
28 ఏప్రిల్ 2025

అరుణకి,

మీ అత్తగారి తుంటి ఎముక అతుక్కుంటోందని, నువ్వు ఆవిడ మంచం దగ్గర్నుంచి ఓ పూటయినా లేవగలుగుతున్నావని తలుస్తాను. మా క్షేమం మాట తరవాత. ముందు ఈ కంపు సంగతి విను.

ఫోన్ చేయొచ్చు కదా వదినా అంటావు. నా చెవి సంగతి నీకు తెలుసు, స్పీకరు పెడితేగాని వినపడదు. స్పీకరు పెడితే మీ అన్నయ్యకి అన్నీ వినపడతాయి. నేను చెప్పాల్సింది ఆయన గురించే. అందుకని కవరు తెప్పించి రాస్తున్నాను.

ఇంట్లో ఏదో కుళ్ళుతోంది. ఎలక కాదు, చచ్చిన ఎలక కంపు నాకు తెలుసు. ఇది మాంసం కంపు. ఎండలో పడేసి మరిచిపోయిన మాంసం. పొద్దున్నే స్టవ్ దగ్గర ముక్కుకి కొంగు చుట్టుకుని నిలబడుతున్నాను. ఫినాయిలు పోశాను, సాంబ్రాణి వేశాను. ఇప్పుడు ఫినాయిలు, సాంబ్రాణి, పీనుగు, మూడూ కలిసి కొడుతున్నాయి. యాక్!

నాకున్న అనుమానం ఒక్కటే. ఆయన కాలు. ఉప్పు మళ్ళలో మేస్త్రీగా ఏళ్ళ తరబడి చెప్పుల్లేకుండా తిరిగిన కాళ్ళు అవి. షుగరు వచ్చాక వాటిలో స్పర్శే పోయింది. చలికాలంలో అరికాల్లో మేకు దిగితే ఆయనకి తెలియనే లేదు, గచ్చు మీద రక్తం చూసి నేను గావుకేక పెట్టాను. పెద్దాసుపత్రిలో డాక్టరు అప్పుడే చెప్పాడు, పుండు కుళ్ళితే కాలు తీసేయాల్సి వస్తుందని. మా ముందు గదిలో అద్దెకుండే నర్సు లీలారాణి పాపం రోజు విడిచి రోజు కట్టు కడుతోంది, మానుతోందనే అంటోంది. మరి ఈ కంపు ఎక్కడిది?

నిన్న కంచం ముందు కూర్చున్నానో లేదో గుప్పుమని కొట్టింది. తిన్న రెండు ముద్దలూ బయటికొచ్చేశాయి. "ఛీ! నీ కాలే బావా. అవతలికి పో" అనేశాను. ఆయన చాప చంకలో పెట్టుకుని అరుగు మీదకి వెళ్ళిపోయాడు. రాత్రి అక్కడే పడుకున్నాడు. నాకు మాత్రం బాగుంటుందా? కానీ ఏం చేయను, ఈ ముక్కు నా మాట వినదు.

నువ్వయినా చెప్పు, ఆసుపత్రికి వెళ్ళమని. నా మాటకి కదలడు.

మీ వదిన
రాజకుమారి


రామతీర్థం,
3 మే 2025

వదినకి,

నీ ఉత్తరం చదివాక నాకు ముందు ఏడుపు, తరవాత కోపం వచ్చాయి. కోపం ఇంకా తగ్గలేదు కాబట్టి దాంతోనే రాస్తున్నాను.

మా అన్నయ్యని ఛీ అన్నావా? అన్నం దగ్గరా? పెళ్ళినాడు వాడు ఉప్పు మళ్ళలోంచి వచ్చి బురద కాళ్ళతో పీటల మీద కూర్చుంటే మీ నాన్న, మా మేనమావ, పళ్ళెంలో నీళ్ళు పోసి తన చేత్తో కడిగాడు. నువ్వు తలంబ్రాలు పోస్తూ నవ్వావు. ఇప్పుడు అవే కాళ్ళని అరుగు మీదకి తోలేశావా?

ముక్కుతో రోగం నిర్ణయించకు. కట్టు విప్పించు, కళ్ళతో చూడు. చీము ఉందా, నల్లబడిందా, ఎరుపు పైకి పాకిందా, అది రాయి. ఇవేవీ లేకపోతే అన్నయ్యకి క్షమాపణ చెప్పి లోపలికి పిలుచుకో. ఇవి ఉంటే ఆ రోజే శ్రీకాకుళం తీసుకెళ్ళు, నా ఉత్తరం కోసం చూడకు.

నేనే రావాలి. కానీ ఇక్కడ అత్తగారిని పక్కకి తిప్పాలన్నా నేనే కావాలి. వేసవి సెలవులన్నీ మలమూత్రాల పళ్ళేలతోనే గడుస్తున్నాయి. నాకూ ముక్కుంది వదినా. కానీ నేను ఆవిడ మొహం మీద ఛీ అనలేదు.

అరుణశ్రీ


నౌపడ,
9 మే 2025

అరుణకి,

మీ అత్తగారి పళ్ళేలు తెచ్చి నా మొహాన కొట్టనక్కర్లేదు. ఛీ అంటే తప్పు, కుళ్ళు తప్పు కాదా?

నువ్వు చెప్పినట్టే చేశాను. లీలారాణి నా కళ్ళ ముందు కట్టు విప్పింది. ఒట్టు వేసి చెబుతున్నాను, పొడిగా ఉంది. కొత్త చర్మం లేత గులాబీ రంగులో పసిపిల్లల చర్మంలా వచ్చేసింది. ఆ రెండు రోజులు కంపూ లేదు. నేను పోయి బతిమాలాను, లోపలికి రమ్మని. "నాను కుళ్ళిపోనాను గదా, నువ్వే సెప్పినావు. కుళ్ళినోడికి ఇల్లేటి?" అని అటు తిరిగి పడుకున్నాడు. అలక చూశావా! అరవై దాటినా చంటిపిల్లాడిలా.

అంతలో కంపు మళ్ళీ మొదలు! కాలు కాదని తేలింది. మరి ఇంకేటి? ముందు గది వైపు చూశాను. లీలారాణికి భావనపాడు నుంచి వాళ్ళక్క ఎండు చేపలు పంపుతుంది. పాడైపోయినవి పారేయకుండా దాచి ఉంటుందని నాకు గట్టిగా తోచింది. వెళ్ళి అడిగాను. నా గొంతు సంగతి తెలుసు కదా, మెల్లగా అడిగానని నేననుకున్నా వీధంతా విన్నారు.

ఆ పిల్ల తలుపు బార్లా తెరిచింది, పెట్టె తీసి చూపించింది, మంచం జరిపింది. అద్దంలా ఉంది గది. అప్పుడు అంది, "అమ్మా, మూడు నెలలు మీ ఇంటాయన పుండు కడిగినాను. ఒక్కసారైనా ముక్కు మూసుకున్నానా? మీరు నా గదికొచ్చి ముక్కు మూసుకున్నారు. ఇంక మీ గుమ్మం తొక్కను." దూది, గాజుగుడ్డ ఉన్న డబ్బా నా చేతిలో పెట్టి తలుపేసుకుంది.

ఇప్పుడు ఆయన అరుగు మీద, ఆవిడ తలుపు వెనక, నేనూ కంపూ ఇంట్లో. నువ్వు ఊరి పిల్లలందరికీ సైన్సు చెబుతావు కదా, ఇది ఎక్కడ్నుంచి వస్తోందో చెప్పు చూద్దాం.

రాజకుమారి వదిన


రామతీర్థం,
14 మే 2025

వదినకి,

లీలారాణి సంగతి చదివి సిగ్గేసింది. దాని గురించి మళ్ళీ రాస్తాను. నీ ఉత్తరంలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. రెండు రోజులు కంపు లేదని, మళ్ళీ వచ్చిందని రాశావు. పుండు అలా సెలవులు తీసుకోదు.

మాఘంలో మా పెరట్లో తవ్విన విత్తనపు కంద ఓ గోనె సంచి కట్టి పంపాను. తొలకరి పడ్డాక పాతమన్నాను. ఆ సంచి ఎక్కడ పెట్టావు? వెనక గదిలోనే కదూ?

నవ్వకు, పాఠం చెబుతున్నాను. కందని అందరూ వేరు అంటారు. మా ఎనిమిదో తరగతి పిల్లలూ అదే రాస్తారు, నేను కొట్టేస్తాను. వేరు పని నీళ్ళు పీల్చడం, మొక్కని నేలలో పట్టి నిలపడం. కంద ఆ పని చేయదు. అది కాండం. మట్టిలో ముడుచుకుని పడుకున్న కాండం. దాని నెత్తి మీద కన్ను ఉంటుంది చూడు, అది మొగ్గ. ఆకు ఎండలో వండిన తిండంతా కిందకి పంపితే ఇది దాచిపెడుతుంది. అందుకే మట్టి లేకపోయినా, చుక్క నీరు లేకపోయినా, సంచిలోనే ఉన్నా, వేసవి చివరికి దాచుకున్న తిండి తిని మొలకేస్తుంది.

చిన్న దుంపలు ఆకు మాత్రమే వేస్తాయి. ఆకు పని వంట, దానికి ఏ కంపూ ఉండదు. ఏళ్ళ తరబడి బలిసిన దుంప మాత్రం ముందు పువ్వు వేస్తుంది. పువ్వు పని పురుగుని పిలవడం. మల్లె మంచి వాసనతో పిలుస్తుంది. కందకి కావలసినవి కుళ్ళు మీద వాలే ఈగలు, పేడ పురుగుల్లాంటివి. వాటికి నచ్చేది పీనుగు వాసనే కదా, అదే కొడుతుంది. పుప్పొడి పని ఒకటి రెండు రోజుల్లో తీరిపోతుంది. తీరగానే కంపు ఆగుతుంది. పక్క దుంప విచ్చుకుంటే మళ్ళీ మొదలు.

వెంటనే ఆ సంచి విప్పు.

అరుణ


నౌపడ,
20 మే 2025

అరుణా,

ఆ పువ్వు పంపిన నిన్ను ఏం చేయాలి?

బియ్యం డ్రమ్ము వెనక ఉంది నీ సంచి. నేను డ్రమ్ము జరిపి చూద్దును కదా, గోనె చించుకుని బయటికొచ్చింది మహాతల్లి! ఛీ ఛీ ఛీ! నల్లెరుపు గంట తిరగేసి పెట్టినట్టు ఒకటి, దాని మధ్యలో ముడతలు ముడతలుగా దున్నపోతు మెదడంత ముద్ద. మెరుస్తోంది. దాని మీద పచ్చ ఈగలు తాపీగా షికార్లు. పక్కన ఇంకోటి అప్పటికే వాడిపోయి నీరు కారుతోంది. దాన్ని తాకిన నా చెయ్యి ఎన్నిసార్లు తోమానో! దీన్ని పువ్వు అంటారా మీ సైన్సులో? పువ్వంటే తలలో పెట్టుకునేదా, దేవుడికి పెట్టేదా, లేక చూసి డోకేదా? అరుగు దాకా పరిగెత్తి అక్కడే కక్కేశాను.

మీ అన్నయ్య వచ్చి చూశాడు. అరుణా, మూడు వారాల తరవాత ఆ మనిషి నవ్వగా చూశాను. తుండుగుడ్డ మొహానికి చుట్టుకుని సంచి మొత్తం ఎత్తుకెళ్ళి పెంట గోతిలో పడేశాడు. తిరిగొచ్చి నడి ఇంట్లో నిలబడి, "సూసినావా? నా కాలా, నీ ఆడపడుచు కందా? ఏది కుళ్ళినాదో ఇప్పుడు సెప్పు!" అన్నాడు. ఆ రాత్రి తన మంచం మీద పడుకున్నాడు. గురక పెట్టాడు కూడా.

లీలారాణికి అరటిపళ్ళు పట్టుకెళ్ళాను. తీసుకుంది. కానీ, "పుండు మానిపోయింది కదమ్మా, ఇంక నాతో పనేటి" అంది. ఆ మాట మర్యాదగానే అంది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

కంద కూర ఇక ఈ జన్మలో ముట్టను. బచ్చలి వేసి ఆవ పెట్టినా సరే.

రాజకుమారి


రామతీర్థం,
26 మే 2025

వదినకి,

నీ ఉత్తరం అత్తగారికి చదివి వినిపించాను. ఎముక అతికేదాకా నవ్వద్దన్నాడు డాక్టరు, ఆవిడ నవ్వి నవ్వి నన్ను తిట్టింది.

నవ్వు అయిపోయాక ఒక మాట. మొన్న అన్నయ్య ఫోన్ చేశాడు, నువ్వు మిల్లుకి వెళ్ళినప్పుడు. కంద సంగతే చెబుతూ చెబుతూ మాట మార్చాడు. "అది నన్ను ఛీ అన్నాదే. పీనుగుని సూసినట్టు సూసినాది" అన్నాడు. నా చిన్నప్పట్నుంచి వాడి గొంతు అలా వినలేదు.

వదినా, నా మీద ఒట్టు. ఇంకోసారి వాణ్ణి ఛీ అనకు. మళ్ళీ కంపొస్తే ఏ మూలకో ఇంకో దుంప దొర్లి ఉంటుంది. అది వెతుక్కో. వాడి కాలి జోలికి మాత్రం వెళ్ళకు. మానిన పుండుని మాటలతో రేపకు. అంతే నేను అడిగేది.

లీలారాణికి నా తరఫున కూడా క్షమించమని చెప్పు. కంద పంపింది నేను కదా.

అరుణ


శ్రీకాకుళం, ఆసుపత్రిలో,
14 జూన్ 2025

అరుణకి,

గాభరా పడకు. మనిషి బతికే ఉన్నాడు. మా వీధి ఆటో హరిబాబు చేత నీకు ఫోన్ చేయిద్దామనుకున్నాను. కానీ ఈ సంగతి వేరే వాళ్ళ నోటితో చెప్పించబుద్ధి కాలేదు. ఆయన నిద్రపోతున్నాడు, బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను.

నెల మొదట్లో కంపు మళ్ళీ వచ్చింది. నీ ఒట్టు గుర్తుంది, నోరు కుట్టేసుకున్నాను. అటక ఎక్కాను, డ్రమ్ములు జరిపాను, గాదె మూలలు ఊడ్చాను. ఏమీ లేదు. ఆయన్ని అడిగితే "కందేనే, కంద! నీ ఆడపడుచు సెప్పలేదా?" అని నవ్వుతాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అదొకటే కాదు. జూన్ ఎండల్లో మేజోళ్ళు వేసుకుని తిరుగుతున్నాడు! ఎందుకు బావా అంటే కాళ్ళకి దుమ్ము అంటాడు. ఉప్పు మళ్ళలో పుట్టిన మనిషికి దుమ్ము!

రెండు రోజులయ్యాక ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. పువ్వు పని తీరితే కంపు ఆగుతుందని నువ్వే రాశావు. ఇది రోజు రోజుకీ పెరుగుతోంది. ఇంక ఉండబట్టలేక, "ఏదీ కంద, సూపించు" అన్నాను. ఆయన మంచం కిందకి వేలు చూపించాడు. వంగి చూశాను. నిజంగానే ఉంది. కొబ్బరికాయంత దుంప, దాని నెత్తిన జానెడు మొలక. నాకు ప్రాణం లేచొచ్చింది. విసిరేద్దామని పట్టుకున్నాను.

అది పువ్వు కాదు అరుణా. మచ్చల మచ్చల కాడ, చివర గొడుగు ముడిచినట్టు పచ్చగా ఆకు. నాకు అనుమానం వచ్చి ఆ కాడ విరిచి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పచ్చి వాసన, అంతే. చేతికి దురద. చిన్న దుంప ఆకే వేస్తుందని, ఆకుకి కంపుండదని నీ పాఠం నా బుర్రలో ఉంది. మంచం కింద కంపు లేదు. మంచం మీద ఉంది.

"బావా, మేజోడు తియ్యి" అన్నాను. "ఒగ్గెయ్యే, కంద అని సెప్పలేదా" అన్నాడు. ఇంకోసారి చెప్పాను. కాలు వెనక్కి లాక్కున్నాడు. పట్టుకుని నేనే లాగేశాను. తోలు కూడా దాంతో వచ్చింది.

ఛీ అన్నాను. నీ ఒట్టు పోయింది, ఏమనుకుంటావో అనుకో. పాత పుండు కాదు, అది శుభ్రంగా మానింది. చిటికెన వేలూ దాని పక్క వేలూ నల్లగా ఉన్నాయి. వాటి మధ్య తెల్లగా ఏదో కదిలింది. ఇంకా రాయను, నీకు అన్నం సయించదు. నాకయితే ఇప్పటికీ సయించట్లేదు. ఆయనకి నొప్పి లేదట! చూడు ఆ రోగం ఎంత నీచమైందో, కుళ్ళుతున్నా తెలియనివ్వదు.

వెళ్ళి లీలారాణి తలుపు బాదాను. ఒక్క మాట ఎత్తిపొడవలేదు ఆ పిల్ల. చూసి, "ఇప్పుడే, ఈ నిమిషమే" అంది. హరిబాబు ఆటోలో తెచ్చాం. దారంతా ఆ కాలు తన ఒళ్ళో పెట్టుకుంది. రెండు వేళ్ళూ తీసేశారు. పాదం మిగులుతుందో లేదో నాలుగైదు రోజులు పోతేగాని చెప్పలేమన్నాడు డాక్టరు.

నిన్న మెలకువ వచ్చాక అడిగాను, ఆ దుంప ఎక్కడిదని. పెంట గోతిలోంచి తనే తెచ్చుకున్నాడట. వేళ్ళ సంగతి తనకి ముందే తెలుసట. "కాలు తీసేస్తారని బయమేసినాది. మళ్ళీ అరుగు మీదకి తోలేస్తావని ఇంకా బయమేసినాది" అన్నాడు. నాకు ఆయన్ని లాగి కొట్టాలనిపించింది. వాటేసుకోవాలనీ అనిపించింది. సెలైన్ గొట్టాలు ఉన్నాయి, రెండూ కుదరలేదు.

రాజకుమారి


రామతీర్థం,
19 జూన్ 2025

వదినా,

అత్తగారి దగ్గర మనిషిని కుదిర్చాను. ఆదివారం వస్తున్నాను. అయినా రాస్తున్నాను, ఎదురుగా నిలబడి ఈ మాట అనలేనేమోనని.

కాలి జోలికి వెళ్ళకు అని రాసింది నేను. ఇంకో దుంప ఉంటుందని దారి చూపించిందీ నేనే. వాడు నా పాఠాన్ని మేజోడులా తొడుక్కున్నాడు. నాకు నా మీద రోత పుడుతోంది, వాడి మీద అంతకంటే ఎక్కువ. పిరికిపంద! చిన్నప్పుడు కాల్లో ముల్లు దిగినా ఇలాగే దాచేవాడు. అమ్మ వాడి కాళ్ళు పట్టుకుని వెతికేది.

ఆ ఒట్టు నేను వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు ఏమనాలనిపిస్తే అది అను.

అరుణ


నౌపడ,
8 జూలై 2025

అరుణకి,

నువ్వు వెళ్ళాక రాస్తానన్న ఉత్తరం ఇది. పాదం నిలిచింది. మొన్న డాక్టరు చూసి, ఇంకో రెండు మూడు రోజులు ఆలస్యమైతే మోకాలి దాకా పోయేదన్నాడు. ఇంటికి వచ్చేశాం.

కట్టు కట్టడం లీలారాణి నేర్పింది. "నాను డ్యూటీకి ఎల్తే ఎవరు సేస్తారు? మీరే సెయ్యాలి" అంది. మొదటి రోజు తెరిచి చూసి పెరట్లోకి పరిగెత్తాను. రెండో రోజు గుమ్మం దాకా వెళ్ళి వచ్చాను. ఇప్పుడు పరిగెత్తను. కానీ రోత మాత్రం పోలేదు అరుణా, నీకు అబద్ధం చెప్పను. వేళ్ళు లేని చోట ఆ గుంట చూస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ప్రేమ ఉంటే అసహ్యం ఉండదని ఎవరైనా చెబితే నమ్మకు. వాళ్ళు కట్టు విప్పి ఉండరు.

ఆయనకి స్పర్శ లేదు. పొగాకు పీల్చి పీల్చి వాసనా సరిగా తెలియదు. నేను కట్టు విప్పగానే తలెత్తి నా మొహంలోకి చూస్తాడు. "ఏటే, ఛీ అనవేటి?" అంటాడు. నేను వంగి ఆ కాలి దగ్గర ముక్కు పెడతాను, ఆనేంత దగ్గరగా. గట్టిగా పీల్చి చూస్తాను. బాగోకపోతే ఛీ అంటాను, వెంటనే డాక్టరుకి ఫోను. మొన్నొకసారి అలాగే అన్నాను, మందు మార్చారు.

ఇవాళ పొద్దున్న పీల్చాను. మళ్ళీ పీల్చాను. అయోడిన్ వాసన, ఉతికిన గుడ్డ వాసన, అంతే. ఆయన నా మొహం చూస్తూ ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాడు. "ఏటీ లేదు బావా" అన్నాను. "మళ్ళీ సూడు" అన్నాడు. మళ్ళీ చూశాను.

రాజకుమారి